హానమ్మ మామ్మగారి గిన్నె

మొన్న అంట్లు తోముతుంటే పింగాణీ కప్పు చేజారి భళ్ళున పగిలింది. "పోతే పోయిందిలే" అన్నారు మావారు. నాకు మాత్రం మండపేటలో మా పక్కింటి హానమ్మ మామ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడది జపాన్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ డ్యూటీ పడిన మన ఊరి సిపాయి వెంకట్రావు తాతగారిని పెళ్ళాడి వచ్చేశారు. పేరు హానా. మనవాళ్ళు ఊరుకుంటారా, హానమ్మను చేశారు! పిల్లల్లేరు, తాతగారూ పోయారు. అయినా ఆవకాయ పెట్టడంలో మా అమ్మకే వంకలు పెట్టేంత మన మనిషైపోయారు.

"ఒక్కసారైనా పుట్టింటికి వెళ్ళలేదేంటండీ?" అని ఒకరోజు అడిగేశాను. నాకు నోరాగదు కదా. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూనే చెప్పారు.

"మా వైపు పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు అది తినే అన్నం గిన్నె గుమ్మంలో పగలగొడతారే, ఇక తిరిగి రాకూడదని. ఈ పెళ్ళి ఇష్టంలేక అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను గుమ్మం దాటగానే వెనక గిన్నె పగిలిన చప్పుడైంది. తిరిగి చూడలేదు. మీ తాతగారు తీసుకెళ్తానన్నా వద్దన్నాను."

నేను డిగ్రీలో ఉండగా జపాన్ నుంచి ఆవిడ చెల్లెలు ఒక పార్సెల్ పంపింది. కట్టు నేనే విప్పాను. లోపల నీలం పువ్వుల చిన్న గిన్నె, చిన్న గీటైనా లేదు. ఉత్తరం చదివి మామ్మగారు గిన్నె ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది నా గిన్నే. పగలగొట్టడానికి అమ్మకి చెయ్యి రాలేదంట. ఆ రోజు తన గిన్నె పగలగొట్టుకుందంట. పోయేదాకా రోజూ ఇందులో అన్నం పెట్టి, నేను క్షేమంగా ఉండాలని దణ్ణం పెట్టుకునేదంట." అంతే, చిన్నపిల్లలా ఏడ్చేశారు. "ఒక్కసారి తిరిగి చూసుంటే తెలిసేదే, అమ్మాయ్!"



మరుసటేడు, నాన్నకు ఇష్టంలేని పెళ్ళి చేసుకోవడానికి సూట్‌కేసు పట్టుకుని బయల్దేరాను. మామ్మగారు గేటు దగ్గర ఆపారు. "వెళ్ళు. సందు మలుపులో ఒక్కసారి వెనక్కి చూడు." కోపంతో కుతకుతలాడుతున్నాను, అయినా చూశాను. అప్పటిదాకా గదిలో తలుపేసుకున్న నాన్న, కాళ్ళకు చెప్పులైనా లేకుండా నడివీధిలో నిలబడి ఉన్నాడు. ఆ ధైర్యంతోనే ఆర్నెల్లకు మళ్ళీ మా గుమ్మం ఎక్కాను. అప్పటికి పక్కింటికి తాళం పడింది. మామ్మగారు గిన్నె నాకిమ్మని చెప్పి పోయారట. ఆవిడ పక్కన లేకపోయానే అన్న బాధ ఇప్పటికీ తీరలేదు.

మొన్న పెంకులు ఏరి పారేశాక, అల్మరాలోంచి ఆ గిన్నె తీసి వేడన్నం పెట్టాను. నాతో పోట్లాడి వెళ్ళిపోయి, నెల రోజులుగా ఫోన్ ఎత్తని మా అమ్మాయికి.