పైన ఒకాయన కోసం చాకు

ఆ రోజుల్లో బెంచీ అనే మాటకి నేను రెండో అర్థం నేర్చుకున్నాను. బడిలో లెక్క తప్పితే మాస్టారు బెంచీ ఎక్కి నిలబడమనేవారు. పంజాగుట్టలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు మాత్రం ఏ తప్పూ చెప్పకుండానే బెంచీ మీద కూర్చోబెట్టారు. అంటే చేతిలో ప్రాజెక్టు లేదు, జీతం వస్తోంది, అది ఎన్నాళ్ళు వస్తుందో చెప్పే నాథుడు లేడు. ఫోన్లో అమ్మకి ఈ మాట చెబితే, "అదేంట్రా, అంత పెద్ద ఆఫీసులో నీకో కుర్చీ వెయ్యలేకపోయారా?" అని బాధపడింది. (వేశారు. జిరాక్స్ మిషను పక్కన, ఏసీ గాలి తగలని మూలలో వేశారు. అది కూడా చెప్పి ఆవిణ్ణి ఇంకా బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.) ఊరంతా కొత్త ఉద్యోగాలతో కళకళలాడిన కాలంలో, మధ్యలో గాలి తిరిగిన ఒక పాడు సంవత్సరం అది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో కార్డు తగిలించుకుని, పనేమీ లేని చోటికి పరుగు పరుగున వెళ్ళేవాణ్ణి. ఆలస్యంగా వెళితే తీసేస్తారని భయం.

ఆ మూలలో నా పక్క కుర్చీ పెద్దన్నది. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆయన నేర్చిన పనికి మార్కెట్లో గిరాకీ పోయింది, కొత్తది నేర్పేవాళ్ళు లేరు. అయినా రోజూ నాకే ధైర్యం చెప్పేవాడు. మధ్యాహ్నం పూట మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క ప్రాజెక్టు జామకాయ. నేను అమీర్‌పేటలో కొని తెచ్చేవాణ్ణి, ఆయన ఇంటి నుంచి ఉప్పూ కారం కలిపి పొట్లం కట్టి తెచ్చేవాడు. ఆ పొట్లం అందుకోవడానికి చెయ్యి చాపితే మాత్రం ఇచ్చేవాడు కాదు. "ఉప్పు చేతికియ్యద్దు తమ్మీ, కొట్లాట అయితది" అని టేబుల్ మీద పెట్టేవాడు. నేను నవ్వేవాణ్ణి. కంప్యూటర్లు చదువుకున్నవాళ్ళం కదా, ఉప్పుకి భయపడటమేమిటని నా గొప్ప.

ఇలా ఉండగా పెద్దన్నకి దవడ పన్ను పోటు మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "ప్రాజెక్టు రానీ, పోత" అనేవాడు. కాయ కొరకలేడు. మెడలో కార్డుతో కోసి చూశాం, స్టీలు స్కేలుతో కోసి చూశాం, జామకాయ కీబోర్డు మీద పడింది తప్ప తెగలేదు. నేను కొరుకుతుంటే ఆయన చూస్తూ ఉప్పు నాకేవాడు, నాకు తినబుద్ధయ్యేది కాదు. ఎలాగైనా ఆఫీసుకి పనికొచ్చే చిన్న చాకు ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను. ఉద్యోగం ఎలాగూ నా చేతిలో లేదు, కనీసం ఆ మనిషి చేత ఒక జామకాయ తినిపించడం నా చేతిలో ఉందనిపించింది.

ముందు పంజాగుట్టలో అద్దాల తలుపులున్న పెద్ద కొట్టుకి వెళ్ళాను. అక్కడ ఎర్రటి విదేశీ చాకు ఉంది. అందులో కత్తెర, రంపం, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల, అన్నీ ఉన్నాయి. ధర చూసి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టి వచ్చేశాను. అక్కణ్ణుంచి అమీర్‌పేట ఫుట్‌పాత్. తాళంకప్పలు, దువ్వెనలు, నెయిల్ కట్టర్లు పరుచుకుని కూర్చున్న భాయ్‌ని ఆఫీసుకి సరిపోయే చాకు చూపించమన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేది ఒకటి తీశాడు. "గిది తీస్కో అన్నా, మస్తుంటది. గిది చూస్తే ఎవడైనా ఉరుకుతడు."

"జామకాయ ఎక్కడికీ ఉరకదు భాయ్. కత్తిలా కనబడని కత్తి కావాలి."

"కత్తి లెక్క కనబడకపోతే కత్తి ఎందుకన్నా?" అని విసుక్కుంటూ, అట్టడుగు నుంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ చేప ఒకటి తీశాడు. వేలెడంత ఉంది. దానికో కన్ను కూడా ఉంది. కడుపులోంచి గోరుతో లాగితే చిన్న బ్లేడు బయటికొస్తుంది, అదీ దానికి బుద్ధి పుడితేనే. ఆ చేప మొహం చూస్తే ఎవరికీ హాని చేసేలా లేదు. కొంచెం బేరమాడి కొనేశాను.

మర్నాడు ఆఫీసు గేటు దగ్గర రోజూ ఉండే సెక్యూరిటీ ఆయన లేడు. కొత్తవాళ్ళు నలుగురైదుగురు నిలబడి సంచులన్నీ వెతుకుతున్నారు. ఎందుకో నాకు తెలియదు. (ఆ రోజే బెంచీ వాళ్ళని తీసేస్తున్నారనీ, గొడవ జరుగుతుందేమోనని మనుషుల్ని పెంచారనీ తర్వాత తెలిసింది.) నా సంచిలో పెరుగన్నం డబ్బా కింద చేప దొరికింది.

"గిదేంది సార్?"

"చేపండీ" అన్నాను. కంగారులో నోటికొచ్చింది అదే.

సంచి వెతికినతను గోరు విరగ్గొట్టుకుని మరీ తెరిచాడు. "చేప కాదు, చాకు. ఎవల కోసం తెచ్చిన్రు?"

"పైన ఒకాయన ఉన్నారండీ, ఆయన కోసం. పాపం, ఇవాళ్టితో ఆయన బాధ తీరిపోతుంది."

నా ఉద్దేశంలో పైన అంటే మూడో అంతస్తు, బాధ అంటే పన్నునొప్పి. ఆఫీసుల్లో 'పైనాయన' అంటే ఎవరో నాకు ఆ క్షణాన తట్టలేదు, అతనికి మాత్రం వెంటనే తట్టింది. చాకు తీసి సొరుగులో వేసి, నన్ను ఎగాదిగా చూసి, పైకి వెళ్ళనిచ్చి, ఫోనందుకున్నాడు.

నేను మూడో అంతస్తు ఎక్కేలోపే చేప ఈదుకుంటూ ఆఫీసంతా తిరిగొచ్చింది. చాకు కాస్తా కత్తి అయింది, కత్తి మూరెడయింది. బెంచీ కుర్రాడు ఎండీ కోసం కత్తి తెచ్చాడట! ఏనాడూ మా మూలకి కన్నెత్తి చూడని హెచ్చార్ మేడం దూరంగా నిలబడి, "టిఫిన్ చేశారా అండీ?" అని నన్ను అడిగింది. అండీ అన్నందుకు ఆనందపడ్డాను కూడా. తర్వాత అద్దాల గదిలోకి ఒక్కొక్కర్నీ పిలవడం మొదలైంది. వెళ్ళినవాళ్ళు తల వంచుకుని వస్తున్నారు. పెద్దన్నని పిలిచారు. ఆయనా వచ్చాడు. స్టీలు గ్లాసు, పిల్లల ఫోటో, ఉప్పు పొట్లం సంచిలో సర్దుకున్నాడు. నా వంతు కోసం సాయంత్రం దాకా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు.

సాయంత్రం గేటు దగ్గర చాకు పేపర్లో చుట్టి ఇచ్చారు. "ఇంకోసారి తేకున్రి సార్" అన్నాడు పొద్దున సంచి వెతికినతను, చాలా మర్యాదగా. పెద్దన్న నా కోసం ఆగాడు. బయట టీ కొట్టు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. పెద్దన్న చేపని తిప్పి తిప్పి చూసి, దవడ పట్టుకుని నవ్వాడు. "గిది నా కోసం తెచ్చినవా తమ్మీ? ఆఫీసంత నువ్వు ఎండీని పొడుస్తవని వణుకుతున్నరు గదరా! ఫికర్ చెయ్యకు, నీ నౌకరి ఉంటది. నిన్ను తీసేసే ధైర్యం ఎవనికుంది?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన పన్ను కోసం కొన్న చాకు నా ఉద్యోగాన్ని కాపాడి, ఆయన్ని రోడ్డు మీద వదిలేసింది. ఆయన మాత్రం నేను తెచ్చిన జామకాయ తీసి, సన్నగా ముక్కలు కోసి, ఉప్పద్ది, నొప్పి లేని వైపు పెట్టుకుని నిదానంగా నమిలాడు. "మంచిగ తెగుతుంది" అన్నాడు.

బస్సు కనబడగానే లేచాడు. చాకు ఆయన్నే ఉంచుకోమని చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చేతికియ్యకు తమ్మీ, కొట్లాట అయితది. బెంచీ మీద పెట్టు." పెట్టాను. తీసుకుని జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ఆయన చెప్పినట్టే నా ఉద్యోగం నిలిచింది. పదిరోజుల్లో ప్రాజెక్టు ఇచ్చి బెంగుళూరు పంపారు. (ఎండీకి వీలైనంత దూరంగా.) మా మధ్య కొట్లాట కూడా రాలేదు. మొదట్లో ఫోన్లు చేసుకున్నాం, తర్వాత పండక్కి మెసేజీలు పంపుకున్నాం, ఆ తర్వాత ఆయన నంబరు పనిచెయ్యలేదు. కొట్లాడుకుని ఉంటే కనీసం మాట కలపడానికైనా ఒకరినొకరు వెతుక్కునేవాళ్ళమేమో.

ఈమధ్య అమీర్‌పేట మెట్రో కింద అలాంటి చేపే కనబడితే కొన్నాను. దాని గాడిలో గోరు పెట్టి లాగుతుంటే, "చేపండీ" అన్న ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చి రోడ్డు మీదే నవ్వుకున్నాను. దీంతో నేను కోసేదేమీ లేదు, మా ఆఫీసులో ఇప్పుడు పళ్ళు కోసిన ముక్కలుగానే డబ్బాల్లో వస్తున్నాయి. పెద్దన్న ఎక్కడైనా ఎదురుపడితే ఇద్దామని సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. ఈసారి బెంచీ మీద పెట్టను. చేతికే ఇస్తాను. కొట్లాట అయితే అవనీ.