ఈశాన్యం మూల నుంచి బిగించిన ఇంజను

ఒకప్పుడు మా నంద్యాలలో ఒక ఇంటి కారు చెడిపోయిందంటే వీధి వీధంతా వచ్చి పరామర్శించి పోయేది. ఇప్పుడైతే ఫోను చేస్తే ఎవరో వచ్చి బండిని తోలుకుపోతారు, సాయంత్రానికి కడిగి తెచ్చి ఇస్తారు. లోపల ఏం చెడిందో, ఏం మార్చారో మనకు తెలియదు. అడగాలనీ అనిపించదు. ఆ రోజుల్లో బానెట్ ఎత్తితే చాలు, దారిన పోయే మనిషి సైకిలు దిగి, స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి తొంగిచూసి "ఏమైందప్పా?" అనేవాడు. తన సలహా చెప్పకుండా కదిలేవాడు కాదు. (ఆ సలహాల్లో ఒక్కటైనా పనికొచ్చినట్టు నాకు గుర్తులేదు. సలహా చెప్పకుండా పోయిన మనిషి కూడా గుర్తులేడు.)

డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో పనికి దొరక్కుండా తప్పించుకు తిరుగుతున్న ఎండాకాలం అది. మా నాయనకు పత్తి విత్తనాల కొట్టు ఉండేది. పల్లెలు తిరగడానికని ఎవరి దగ్గరో ఒక పాత కారు కొన్నాడు. పుట్టుకతో అది పెట్రోలు కారు. పాత యజమాని ఖర్చు తట్టుకోలేక దానికి డీజిల్ ఇంజను ఎక్కించాడు. అప్పటినుంచి ఒంటికీ గొంతుకూ పొత్తు లేదు. స్టార్టు చేస్తే ఇంట్లో గిన్నెలన్నీ గలగలమనేవి, మా అమ్మ వంటింట్లోంచి "పోతే బిరీన పోండప్పా, లేకుంటే ఆపండి!" అని అరిచేది. వీధిలో అందరూ దాన్ని ముసల్ది అనేవాళ్లు. నాకు మాత్రం అదంటే చెప్పలేనంత ప్రాణం. దాన్ని తోలాలని ఉండేది. ఆ మాట పైకి అంటే నాయన వినపడనట్టు పేపరు తిప్పేవాడు.

ఒక మధ్యాహ్నం నాయన ఆళ్లగడ్డ నుంచి ఒక్కడే వస్తుంటే శిరివెళ్ల దాటాక ముసల్ది ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. ఎవరైనా ఏం చేస్తారు? నీడన ఆపి, బీడీ కాల్చుకుని, ఇంజను చల్లారాక నీళ్లు పోస్తారు. మా నాయనది జాలిగుండె. పక్క చేను మోటారు కింద చల్లటి నీళ్లు బిందెతో తెచ్చి, సలసల కాగుతున్న ఇంజనులో గుమ్మరించాడు. లోపల ఠంగుమని ఒక శబ్దం వచ్చిందట. "పాపం, ఎండకు దప్పికైందేమో అనుకున్యా" అని ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మా అమ్మ నవ్వు ఆపుకోలేక మజ్జిగ కోసమని లోపలికి పోయింది.

ట్రాక్టరు కట్టి ఇంటికి లాక్కొచ్చాక మెకానిక్ చూసి, ఇంజను మీది ఇనుప మూత, అదే సిలిండర్ హెడ్డు, చీలిపోయిందని తేల్చాడు. నాయనకు తన తప్పు మీద వచ్చిన కోపమంతా కారు మీదికి మళ్లింది. పాత ఇనుము వ్యాపారికి కబురు పెట్టాడు. అతను సోమవారం వస్తానన్నాడు. నేను రెండు రోజులు అన్నం దగ్గర అలిగాను. మూడో రోజు నాయన విసిగిపోయి, "సరే, ఆదివారం పొద్దు మునిగేలోపల అది పలికితే ఉంచుతా. పలికితే నీకు తోలేది కూడా నేర్పిస్తా, పో!" అన్నాడు. అది పలకదన్న గట్టి నమ్మకంతో ఇచ్చిన మాట అది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా మాట మాటే కదా! ఆ పూటే ఆళ్లగడ్డలో ఉన్న మా మేనమామకు కబురు చేశాను.

మా మామ కొన్నాళ్లు లారీల మీద తిరిగాడు, ఆ తర్వాత వాస్తు చెప్పడం మొదలుపెట్టాడు. రెండింటిలోనూ సగం సగం వచ్చు. ధైర్యం మాత్రం రెండింటికీ సరిపోయేంత ఉండేది. ఆళ్లగడ్డలో షెడ్డు వెనక పడి ఉన్న అదే రకం ఇంజను హెడ్డు సంపాదించి, గోనెసంచిలో కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. "ఏందప్పా అది, పొట్టేలు తలకాయనా?" అని అడిగాడట కండక్టరు. "తలకాయే అన్నా, మా బావ కారుది" అన్నాడట మామ. దాంతోపాటు నీళ్లు కారకుండా హెడ్డు కింద పరిచే పల్చటి గ్యాస్కెట్లు రెండు తెచ్చాడు. ఒకటి చాలదా అంటే, "ఒంటిది ఇంట్లోకి తేగూడదు, జోడుగా తేవాల" అన్నాడు.

పని మొదలవకముందే వాస్తు మొదలైంది. బండి దక్షిణం చూస్తోందని, అట్లా ఉండగా తల విప్పితే యముడికి దారి చూపించినట్టేనని, దాన్ని తూర్పుకు తిప్పించాడు. చక్రాలు ఒక పట్టాన కదల్లేదు. వాకిట్లో మామ, నేను, సలహా చెప్పడానికి వచ్చి ఇరుక్కుపోయిన ఇద్దరు సైకిలు మనుషులు కలిసి తోశాం. అరుగు మీద కూర్చున్న నాయన, "దాన్ని ఏ దిక్కుకు తిప్పితే ఏమి, పోయేది ఇనుపకొట్టుకే" అన్నాడు. మామ బావ మాట లెక్కచేసే మనిషి కాదు.

విప్పడం మొదలయ్యాక నాకు లోకం తెలియలేదు. ఒక్కొక్క మూత తీస్తుంటే అడుగున ఇంకొకటి, దాని కింద మరొకటి. "ఇదెందుకు మామా? ఇది లేకుంటే ఏమైతాది?" అని నేను అడుగుతూనే ఉన్నాను, "తీసినంక పెట్టాల, అంతే పాపా" అని ఆయన తప్పించుకుంటూనే ఉన్నాడు. పొడుగాటి పుష్‌రాడ్లు ఇనుప పుల్లల్లాగా బయటికి వచ్చాయి. వాటి వరుస తప్పకూడదు. గుచ్చిపెట్టడానికి ఏమీ దొరక్క నేను వంటింట్లోకి పోయి, అమ్మ కూరకు పెట్టుకున్న సొరకాయ తెచ్చి, వరుసగా దాంట్లో గుచ్చాను. అమ్మ వచ్చి చూసి "ఒరేయ్, ఇదేంరా!" అని తన తమ్ముడు కదా, మామ మీద పడింది. గుచ్చింది నేనని చెప్పకుండా తిట్లన్నీ మామే తిన్నాడు. మేనకోడలంటే అంత ఇది ఆయనకు.

హెడ్డు ఎత్తి పక్కన పెట్టాక మసిబారిన నాలుగు గుంతలు కనపడ్డాయి. ఇన్నాళ్లూ ఇంట్లో గిన్నెలు మోగించింది ఇవేనా అని నాకు ఆశ్చర్యం. మామ అటు తిరిగినప్పుడు ముందున్న ఫ్యాను రెక్క పట్టుకుని బలంగా తిప్పాను. రెండు పిస్టన్లు పైకి వస్తే రెండు కిందికి పోయాయి. మళ్లీ తిప్పాను. పోయినవి వచ్చాయి, వచ్చినవి పోయాయి. ఆ ఆనందం ఏమని చెప్పను! అమ్మను పిలిచి చూపించాను. ఆమె చెంగు మూతికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, "మీ నాయనా మీ మామా మాదిరే ఉండాయే, ఒకరు లేస్తే ఒకరు కూర్చుంటారు" అని పోయింది.

మసి గీకి, కిరసనాయిలుతో కడిగి, గ్యాస్కెట్ పరిచి, ఆళ్లగడ్డ హెడ్డు ఎక్కించాం. ఇక నట్లు బిగించాలి. మామ కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, బండి చుట్టూ తిరిగి చూసి, ఈశాన్యం మూల నట్టుకు పసుపు చుక్క పెట్టాడు. "ఈడ మొదలుపెట్టి ప్రదక్షిణంగా పోవాల" అన్నాడు. పానాకు గొట్టం తొడిగి ఒక మూల బిగించి, రెండో మూల, మూడో మూల అంటూ చుట్టూ తిరిగి, మిగిలిన నడుమ నట్లు ఆఖర్న ముట్టుకున్నాడు. ఆ బిగింపులో భక్తి ఉంది, బలం ఉంది. నాకు కూడా అందులో తప్పేమీ కనపడలేదు. మంచి పనికి అట్లాగే కదా తిరుగుతాం!

శనివారం సాయంత్రం డీజిల్ పైపుల్లో చిక్కిన గాలి తీసి, తాళం తిప్పితే ముసల్ది దగ్గింది, ముక్కింది, ఉన్నట్టుండి అందుకుంది! గిన్నెలు మోగాయి. ఈసారి మా అమ్మ అరవకుండా బయటికి వచ్చి చూసింది. మామ తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు. నేను ఎగిరి గంతేశాను. అంతలోనే రేడియేటరులో నీళ్లు బుడబుడమని పొంగాయి, వెనక తెల్లటి పొగ కమ్ముకుంది, హెడ్డు అంచున నీళ్లు కన్నీళ్లలాగా కారాయి. మామ ఆపేశాడు. నాయన అరుగు మీంచి లేచి, చెప్పులు వేసుకుంటూ, "సోమవారం పొద్దున్నే వస్తాడంట" అని మాత్రం అన్నాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. కారు పోతుందని కాదు, నాయన మాట నిలబెట్టుకునే అవసరమే లేకుండా పోతుందని.

ఆదివారం తెల్లారగానే మామను లేపాను. ఎదురింటి టీచరమ్మ తెల్లచీర కట్టుకుని చర్చికి పోతూ గేటు దగ్గర ఆగి, "మీ బండిని గూడా ప్రార్థనలో తలుచుకుంటాలే పాపా" అంది. మళ్లీ అంతా విప్పాం. మామ ముందురోజు వేసిన గ్యాస్కెట్ విసిరేయబోతుంటే లాక్కుని ఎండలో పెట్టి చూశాను. అంచులు పచ్చడైపోయి తళతళలాడుతున్నాయి. నడుమ మాత్రం కొత్తది కొత్తగానే ఉంది. అక్కడి నుంచే నీళ్లు పారిన జాడ ఉంది.

"మామా, నడుమ ఎందుకు అణగలే?"

"నన్నడిగితే?"

"మూలలన్నీ ముందే బిగించేసినాం. నడుమ ఉబ్బి నిలబడిపోయింది. నడుమ నుంచి బయటికి రావాల మామా."

మామ ముఖం గంటు పెట్టుకున్నాడు. "అంటే ప్రదక్షిణం తప్పంటావా?"

"తప్పని యాడన్నా? గుడికి పోయినా గర్భగుడి నడుమనే కదా ఉండేది. ముందు ఆడ దండం పెట్టుకుని తర్వాత చుట్టూ తిరుగుదాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నడుమ ఉండేది బ్రహ్మస్థానం పాపా. ఆడ బరువు పెట్టగూడదు."

"బరువు యాడ పెడతాండాం? బిగిస్తాండాం, అంతే!"

వాస్తు సంగతి తర్వాత చూసుకుందామని మామ పానా నా చేతికిచ్చాడు. జోడుగా తెచ్చిన రెండో గ్యాస్కెట్ పరిచాం. (మామ మూఢనమ్మకాలను తిట్టేవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. ఒంటిది తెచ్చి ఉంటే ఆదివారం పూట ఏ కొట్టు తెరిచి ఉండేది?) నడుమ నట్టు మొదట, దాని ఎదురుది తర్వాత, ఇటొకటి అటొకటి, ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ మూలలకు వచ్చాం. ఈశాన్యం మూలది ఆఖర్న మామే బిగించాడు. ఆయన మనసు కూడా కుదుటపడాలి కదా.

పొద్దు వాలుతుండగా తాళం తిప్పాను. అందుకుంది. అందరం రేడియేటరు చుట్టూ చేరి, ఊపిరి బిగబట్టి నీళ్లవైపు చూశాం. నీళ్లు కదల్లేదు. అంచు తడవలేదు. నాయన అరుగు దిగి వచ్చి, హెడ్డు పక్కన వేలు పెట్టి తుడిచి చూశాడు. వేలు పొడిగానే ఉంది. "ఇనుపకొట్టాయనకు రావద్దని చెప్పి వస్తా" అని సైకిలెక్కాడు.

మా నాయన మాట తప్పే మనిషి కాదు, కానీ వాయిదా వేయడంలో మొనగాడు. వాన పడనీ అన్నాడు, టైర్లు మార్చనీ అన్నాడు. చివరికి తప్పక ఆళ్లగడ్డ రోడ్డులో నేర్పించాడు. ఒక షరతు మీద. ఊరు దాటేదాకా ఆయన తోలుతాడు, ఊరు దాటాక నేను. వచ్చేటప్పుడు మొదటి ఇల్లు కనపడక ముందే సీటు మారాలి. "ఆడపిల్ల తోలుతాంటే నలుగురూ నాలుగు మాటలంటారు పాపా" అనేవాడు. నాకు లైసెన్సు వచ్చాక కూడా ఇదే తంతు. ఊరి బయట నేను దిగి ఇటు రావడం, ఆయన దిగి అటు పోవడం. ఇంజను తల విప్పి పెట్టగలిగిన దాన్ని, మా ఊరి వీధిలో మాత్రం పక్క సీటులో బొమ్మలాగా కూర్చోవాలి. ఒళ్లు మండేది. పైకి అనలేకపోయేదాన్ని.

ఒకరోజు మామ ఇంటి నుంచి తిరిగి వస్తూ ఊరి బయట అలవాటుగా బండి ఆపి, తలుపు తీయబోయాను. నాయన కదల్లేదు.

"దిగు నాయనా, ఇండ్లు వచ్చినాయి."

"పోనీ."

"వీధిలో అందరూ చూస్తారు."

"చూడనీ. నెత్తినుంచి కాళ్లదాకా మసి పూసుకుని వాకిట్లో దాని తలకాయ విప్పినప్పుడు చూడలేదా అందరూ? ఇది చూస్తే ఏం కొంపలు మునగవులే."

గేరు వేశాను. వీధి మలుపు తిరిగేసరికి అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఎవరూ అడగకపోయినా, "మా పాపే తోల్తాండాది!" అని వీధికంతా వినపడేలా అరిచాడు.

ఇప్పుడు నా కారుకు ఏదన్నా అయి నేనే షెడ్డుకు తోలుకుపోతే, చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అద్దం అవతల ఎవరో బానెట్ ఎత్తుతారు. "పని అయ్యాక చెప్పండి" అని నేను పేపరు తిప్పుకుంటూ కూర్చుంటాను. ఒళ్లంతా మసితో, చేతిలో పానాతో అప్పటి ఆ పిల్ల గనక ఇప్పుడు తలుపు తోసుకుని వస్తే, నన్ను ఎగాదిగా చూసి, "ఏందీ, లోపల ఏమైందో చూడకుండా ఈడ కాఫీ తాగుతాండావా?" అని అడిగి తీరుతుంది. నవ్వుకుని, కప్పు కింద పెట్టి, ఒక్కసారి లేచి అద్దం దాకా పోయి చూసి వస్తాను.