ఉప్పు గీతలో తొవ్వ

మా హాస్టల్లో అగ్గిపుల్ల గీయడం నేరం. కొవ్వొత్తి, అగరుబత్తి, సాంబ్రాణి, కెటిల్, ఇస్త్రీపెట్టె, అన్నిటినీ ఒకే గాటన కట్టేసి మెట్ల దగ్గర గోడమీద రాయించింది హాస్టల్ నడిపే ఆంటీ. మా ఇంజినీరింగ్ కాలేజీ జవహర్‌నగర్ చెత్తకుప్పల పక్కన. గాలి ఇటు తిరిగిందంటే నగరం పారేసిన చెత్తంతా కిటికీలోంచి పలకరించేది. లోకంలో ఏ హాస్టల్లోనైనా సాంబ్రాణి వద్దనండి, ఒప్పుకుంటాను. ఇక్కడ వద్దనడం మాత్రం అన్యాయం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకు మరీ మండడానికి ఇంకో కారణం ఉంది. నేను విక్కా పాటించేదాన్ని, ఇప్పటికీ పాటిస్తాను. భూమినీ చంద్రుణ్ణీ మారే రుతువులనీ కొలిచే ఒక పద్ధతి అది. పడమటి దేశాల నుంచి వచ్చింది. ఇంటర్ చదివేటప్పుడు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే తగిలింది, మరి వదల్లేదు. గురువు లేరు, తోటివాళ్ళు లేరు. ఎవరికైనా చెబితే “దెయ్యాల పూజా?” అంటారని చెప్పడం మానేశాను.

గదిలో ముగ్గురం. పూజకి ముందు చుట్టూ వలయం గీసుకోవాలంటుంది విక్కా. నేల ముగ్గురిదీ కాబట్టి నా వలయం నా మంచం దాటేది కాదు. మంత్రదండం బదులు స్టీలు స్కేలు. పవిత్ర పాత్ర బదులు మెస్ గ్లాసు. కొవ్వొత్తి బదులు దీపావళికి అమ్మే బ్యాటరీ దీపం. మంత్రాలు గొణుక్కుంటుంటే పక్కవాళ్ళు నేను థర్మోడైనమిక్స్ బట్టీ పడుతున్నాననుకునేవాళ్ళు. ఆ సబ్జెక్టు నాకు ఎన్నడూ అంత భక్తిగా ఎక్కలేదు.

అక్టోబరు చివరిరోజు విక్కాలో పెద్దల పండగ. చనిపోయినవాళ్ళకి కంచం పెట్టి, మౌనంగా కూర్చుని, రమ్మని పిలవాలి. ఆ ఏడు నాకు పిలవాల్సిన మనిషి ఉంది. వేసవిలో మా నాయనమ్మ పోయింది. నాకు సెమిస్టర్ పరీక్షలు. చదువు పాడవుతుందని నాన్న అన్నీ అయ్యాక గాని చెప్పలేదు. కాకినాడ వెళ్ళేసరికి ఆవిడ మంచం మడిచి గోడకి చేర్చేశారు. నన్ను పెంచిన మనిషికి పిడికెడు అన్నం కూడా పెట్టలేకపోయానని లోపల ఒకటే పోరు.

నాన్నకి నన్ను హాస్టల్లో ఉంచడమే ఇష్టం లేదు. చేర్చేటప్పుడే చెప్పాడు, ఒక్క కంప్లైంట్ వచ్చినా సామాన్లు సర్దుకుని వచ్చెయ్యాలని, కాకినాడలోనే ఏదో డిగ్రీలో చేరిపోవాలని. ఆంటీది కూడా గోదావరి వైపే. అందుకని మా నాన్నకి ఫోన్ చెయ్యడం ఆవిడకి ఒక బాధ్యత.

ఆ సాయంత్రం గది ఖాళీ. ఒకమ్మాయి బౌరంపేట్‌లో వాళ్ళింటికి వెళ్ళింది. వాళ్ళూ కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి అక్కడ కొత్త కాలనీలో స్థిరపడ్డవాళ్ళే. రెండో అమ్మాయిది శామీర్‌పేట్, చెరువులో చేపలు పట్టే కుటుంబం. తను ఆరిన బట్టలు తేవడానికి పైకి వెళ్ళింది. ధైర్యం చేసి మొదటిసారి నేలమీద కూర్చున్నాను. కంచంలో పెరుగన్నం, మెస్‌లో దొరికిన నిమ్మకాయ పచ్చడి. అడ్డంగా కోసిన యాపిల్, అలా కోస్తే మధ్యలో నక్షత్రం కనపడుతుంది. బ్యాటరీ దీపం. చుట్టూ ఉప్పుతో వలయం పోసి, లైటు ఆర్పి, జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకున్నాను.

బౌరంపేట్ పిల్ల అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. తలుపు తీసి ఒక్క కేక పెట్టింది.

“చేతబడి! ఆంటీ, ఇది చేతబడి చేస్తోంది!”

తనని తప్పు పట్టను. ఉప్పు, నిమ్మకాయ, విరబోసిన జుట్టు, చీకటి గది. నేనైనా అదే కేక పెడుదును. అంతస్తంతా వచ్చి గుమ్మం దగ్గర మూగింది. వెనకే ఆంటీ. నన్ను చూసింది, కంచం చూసింది, ఫోన్ తీసి మా నాన్న నంబరు నొక్కింది. అటు ఎత్తలేదు.

“రేపు పొద్దున్నకి సామాన్లు సర్దేసుకో. మీ నాన్నగారికి నేను చెబుతాను,” అంది.

విక్కా అంటే ఏమిటో ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పను? కాలేజీ అయిపోయిందనే అనుకున్నాను.

అంతలో భుజంమీద బట్టల మూటతో శామీర్‌పేట్ అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కంచంకేసి చూసి, నాకేసి చూసి, మామూలుగా అడిగింది.

“పెద్దలకు వెట్టినవా?”

తలూపాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

“గిది చేతబడి కాదాంటీ. మా దిక్కు పెత్రమాసకు సచ్చిపోయినోళ్ళకు గిట్లనే పెడ్తం.”

“పెత్రమాసంటే మహాలయ అమావాస్యేగా, అది ఎప్పుడో అయిపోయింది కదే?”

“దీని నాయనమ్మ పోయిందని దీనికి జెప్పనే లేదు. పాపం, గిప్పుడు పెట్టుకుంటాంది. సచ్చినోళ్ళు క్యాలెండర్ సూసుకొని వస్తరా?”

ఆంటీ చేతిలో ఫోన్ కిందికి దించింది. ఈ పిల్ల మాత్రం నామీదికి తిరిగింది.

“గని ఈ ఉప్పేందే? ఉప్పుతోని దిష్టి తీస్తం, పాడుగాలిని ఎల్లగొడ్తం. సుట్టూ ఉప్పు వోసి అవ్వను రమ్మంటే యాడికెల్లి వస్తది? తొవ్వేది?”

చెడు లోపలికి రాకూడదని గీసే వలయం అది. ఎవరినైనా పిలిస్తే అందులో వాకిలి విడవాలని నేను చదివిందే. చదివి, మరిచి, మా నాయనమ్మని బయటే నిలబెట్టాను.

తను కింద కూర్చుని, గుమ్మం వైపు ఉప్పుని అరచేత్తో తుడిచి జానెడు దారి చేసింది. “ఇగ వస్తది,” అని లేచి, “అందరు బయటికి నడువుండి. పెద్దలు తింటాంటే మనం సూడొద్దు,” అంది.

విచిత్రం, అందరూ నడిచారు. తలుపు ఓరగా వేసి వరండాలో నిలబడ్డాం. చెత్త వాసన వస్తోంది, అయినా ఎవరూ ముక్కు మూసుకోలేదు, మాట్లాడలేదు. మౌనంగా ఉండాలని నేను ఎవరికీ చెప్పలేదు. అన్నాళ్ళూ ఒంటరిగా దుప్పటి చాటున చేసుకున్న పూజకి అంతమంది కాపలా కాయడం చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఆంటీ ఫోన్ మోగింది. నాన్న.

ఆవిడ నాకేసి చూసింది.

“అబ్బే, కంగారేం లేదండీ,” అంది ఆంటీ. “మీ అమ్మాయి వాళ్ళ నాయనమ్మకి అన్నం పెట్టుకుంటోంది. అదే చెబుదామని.”

వరండాలో ఎవరూ మాట్లాడకపోవడంతో అవతల నాన్న గొంతు నాకూ వినపడింది.

“ఏం పెట్టిందండీ?”

“పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి.”

“అమ్మకి నిమ్మకాయ సయించదండీ. ఆవకాయ ఉంటే కాస్త...” అంటూ ఆగిపోయాడు. నాన్న ఏడవగా నేను వినడం అదే మొదటిసారి.

ఆంటీ ఫోన్ నా చేతిలో పెట్టి కిందికి వెళ్ళింది. నాన్న ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. ఆవిడ తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చిన్న జాడీ ఉంది. మెస్ బల్లమీద ఏనాడూ కనపడని, తన బీరువాలో తాళం వేసుకునే సొంత ఆవకాయ.

“నువ్వొక్కదానివే పో. గా తొవ్వలకెల్లే పో,” అంది శామీర్‌పేట్ అమ్మాయి. ఉప్పు తుడిచిన చోట అడుగుపెట్టి, పెరుగన్నం మీద ఆవకాయ ముక్క పెట్టి, “తిను నాయనమ్మా,” అన్నాను. నేర్చుకున్న మంత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

అందరం వచ్చి నేల కడిగాం. చీమలు పడతాయని ఆంటీ మూడుసార్లు తుడిపించింది. గోడమీది నియమాల్లో ఒక్కటీ మారలేదు. మరుసటి ఏడు మాత్రం యాపిల్ బౌరంపేట్ పిల్లే కొనుక్కొచ్చి, నక్షత్రం కనపడేలా తనే కోసింది.

ఇప్పుడు నేనూ బౌరంపేట్‌లోనే ఉంటున్నాను, సొంత గదిలో. ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా అడిగేవాళ్ళు లేరు. అక్టోబరు చివరి సాయంత్రం శామీర్‌పేట్ నుంచి ఫోన్ వస్తుంది. “తొవ్వ ఇడిసినవా?” అంటుంది. “ఇడిసిన,” అంటాను, తన మాటలోనే. తనకీ, ఆంటీకీ, బౌరంపేట్ పిల్లకీ ఎంత రుణపడ్డానో చెబితే నవ్వుతుంది.

నాన్నకి విక్కా అన్న మాట ఈనాటికీ తెలియదు. దసరా వెళ్ళగానే కాకినాడ నుంచి ఒక పార్సిల్ పంపిస్తాడు. అందులో రెండు ఆవకాయ సీసాలుంటాయి. పెద్దది నాకు. చిన్నదాని మీద కాగితం అంటించి, తన చేత్తో “అమ్మకి” అని రాస్తాడు.