వదిలిపెట్టడం నేర్చుకున్న సుష్మిత

గద్వాలలో నేత చూసి వెళదామని వచ్చినవాణ్ణి, వారం దాటినా నేతగాడు గోపాలయ్య ఇంటి నుంచి కదల్లేదు. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర. పారే నీళ్ల మధ్య ఉన్న ఊళ్లో నాలాంటి దేశదిమ్మరి నిలవకూడదు. కానీ ఆ మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు కలిసే చోటు నన్ను పట్టేసింది. ఒకరు నేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అంచు పోగులు కలపాలి. పొద్దున పూట తండ్రి పక్కన అలా కూర్చునేది సుష్మిత. మిగతా పొద్దంతా నీట్ చదువు.

ఆ ఆదివారం నమూనా పరీక్ష మార్కులు ఫోనులో వచ్చాయి. చూసి, ఫోను బోర్లా పెట్టింది.

"మళ్ల తగ్గినయ్ నాయనా. వచ్చే వారం గూడ గిట్లనే వస్తే ఇగ బంద్. పూరా మగ్గం మీదనే కూసుంట."

"కూసో బిడ్డా, ఎవలొద్దన్నరు?" అన్నాడు గోపాలయ్య. "కని నువ్వు అలిగి కూసుంటే మగ్గం గూడ అలుగుతది."

తల్లి లలితమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. "డాక్టరమ్మవైతే నీ దవాఖానకు మొదటి రోగిని నేనే వస్త. ముందుగాల జర తిను."

పిల్ల నవ్వలేదు.

పొట్లం కాగితాన్ని కూడా చదవనిదే పారెయ్యని అలవాటు నాది. ఆమె లెక్కలు చేసుకున్న ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాను. భౌతికశాస్త్రం నాకేం తెలుసు? అయినా అచ్చు జవాబులు పక్కన పెట్టుకుని ఆమె పెట్టిన గుర్తులతో పోల్చాను. సగం దాకా ఒక్కటీ తప్పు లేదు. ఆ తర్వాత ఒక్క గుర్తూ లేదు.

"ఈ ఒక్క లెక్కకే పేజీ అంతా నింపావేమమ్మా? వదిలేసి ముందుకు పోవలసింది."

అనరాని మాట ఏదో అన్నట్టు చూసింది నన్ను. "ఇడిసిపెట్టి ఎట్ల పోత తాతా? పోగు తెగితే అతకకుండ నేస్తమా?"

గోపాలయ్య చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగిపోయింది. "కోచింగ్ సారు టైం, టైం అని మొత్తుకుంటనే ఉన్నడు పెద్దయ్యా. దీనికి ఎట్ల ఎక్కుతది? అంచు కాడ కూసోబెట్టినప్పటి సంది నేను చెప్పింది గదొక్కటే."

ఎన్నో గ్రంథాలయాల దుమ్ము పీల్చాను, ఎందరో పండితుల మాటలు విన్నాను. చదువు ఉండేది తలలోనే అనుకుంటూ ఇన్నేళ్లు తిరిగాను. ఇక్కడ ఎన్ని తరాల వేళ్లో ఒక్క ఆడపిల్ల కలాన్ని పట్టుకుని ఉన్నాయి. వాటికి గడియారం తెలియదు. తెలియదు కనుకనే ముట్టుకున్న ప్రతిదీ సరిగ్గా వచ్చింది.

ఆ వారం ఆమె కొత్త పాఠమేదీ చదవలేదు. వదలడం నేర్చుకుంది. ఒక్క లెక్క దగ్గర ఆగితే చాలు, లలితమ్మ ఎదురుగా కూర్చుని "నడువు, నడువు" అనేది.

"బర్రెను తోలినట్టు తోలుతవేందమ్మా!"

"బర్రె నయం. ఒక్క అదిలింపుకు కదుల్తది."

మళ్లీ ఆదివారం పరీక్ష రాసి వచ్చింది. చెప్పులైనా విడవకుండా నా దగ్గరికే వచ్చి, "మొదటి లెక్క ఇడిసినప్పుడు తాతా, ఎవలన్న చూస్తుండ్రేమో అని పక్కకు చూసిన. కని ఆఖరు దాక పోయిన," అంది.

సాయంత్రం మార్కులు వచ్చాయి. పెరిగాయి. సీటు మాత్రం ఇంకా దూరంలోనే ఉంది. నేను ఆమె ముఖం చూశాను, లలితమ్మ నా ముఖం చూసింది. సుష్మిత మాత్రం ఎవరినీ చూడలేదు. వదిలివచ్చిన లెక్కలన్నీ ముందు వేసుకుని, ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. అన్నం చల్లారింది.

చివరికి గోపాలయ్యే మెల్లగా అడిగాడు: "రేపటి సంది పొద్దంత మగ్గమేనా మరి?"

"అంచు కాడికి హన్మమ్మ అత్తను పిలుచుకో నాయనా," అంది తలెత్తకుండా. "ఇగ పొద్దున గూడ నాకు తీరదు."