నాలుగు జానల సైకిల్

నా చేత్తో కట్టిన సైకిళ్లలో అన్నిటికన్నా అందమైనది ఏదని అడిగితే, నా పరువు తీసినదే అని చెప్పాలి. ఎలా తీసిందో చెబుతాను. మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. అప్పట్లో అయితే నవ్వినవాళ్ల మీదికి సుత్తి పట్టుకుని పోయేవాణ్ని. ఇప్పుడు సుత్తి బరువుగా ఉంటోంది.

నిజాం రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులవి. సూర్యాపేట బజారు చివర నాకో చిన్న కార్ఖానా ఉండేది. కార్ఖానా అనేవాణ్ని నేనొక్కణ్నే. మా ఆవిడ సత్తెమ్మ దాన్ని కొట్టం అనేది. దుకాణాల్లో దొరికే విలాయతి సైకిళ్లు పొట్టికీ పొడుగుకూ ఒకే కొలతలో ఉంటాయి. నేను అలా కాదు. దర్జీ అంగీ కుట్టినట్టు మనిషి కొలతలు తీసుకుని, పైపులు కోసి, కొలిమిలో కాల్చి, ఇత్తడి కరిగించి అతికి, ఎవరి సైకిల్ వాళ్లకు కట్టేవాణ్ని. చక్రాలూ చైనూ హైదరాబాదు నుంచి వచ్చేవి. కోపం మాత్రం అక్కడే తయారయ్యేది.

ఆ కోపం సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. ట్యూబులో గాలి తక్కువైతే ట్యూబును తిట్టేవాణ్ని, ఎక్కువై పగిలితే గాలిని తిట్టేవాణ్ని. ఎదురుగా ఎవరూ లేకపోతే ఎందుకు లేరని తిట్టేవాణ్ని. మా కొలిమి ఒక్కోసారి ఆరిపోయేదేమో గాని, నేను ఆరిన రోజు లేదు.

ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ దవాఖానలో పనిచేసే నర్సమ్మ బస్సు దిగి మా కార్ఖానాకు వచ్చింది. పేరు కరుణమ్మ. పుట్టింది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడలో, అందుకే మాటలో ఆంధ్ర వాటం ఉండేది. మనిషి పొట్టి. మాట పొడుగు.

"చారిగారూ, నాకో సైకిల్ కట్టిపెట్టాలండీ."

"మీ ఇంటాయనకా?"

"ఆయన బడిపంతులు. బడి ఇంటి పక్కనే. సైకిల్ నాకే."

ఆడమనిషి సైకిల్ అడగడం నేను వినడం అదే మొదలు. నా మొహం చూసి ఆమె తనే వివరం చెప్పింది. "పల్లెల నుంచి కాన్పులకు పిలుస్తారు. వాళ్లు బండి కట్టుకుని వచ్చి, ఆ బండిలో నేను పోయేసరికి బారసాల వేళ దాటిపోతోంది. కొన్ని ఇళ్లలో బారసాల చెయ్యడానికి బిడ్డ మిగలడం లేదు."

మనసున్నవాడెవడైనా ఆ మాటకు కరిగిపోవాలి. నేనూ కరిగేవాణ్నే. కాని ఆమె అంతటితో ఆగలేదు. పుల్ల తీసుకుని నేల మీద బొమ్మ గీసింది. "చీర కట్టుకుని ఎక్కాలి గనక పై పైపు ఇలా కిందికి దించి కట్టండి."

"నాకు సైకిల్ కట్టుడు నేర్పుతున్నవా నర్సమ్మా?"

"నేర్పడం కాదండీ, చెబుతున్నా. అన్నట్టు, మీ మెడలో ఉన్న ఆ గుడ్డటేపు సాగిపోయింది. దాంతో కొలిస్తే తప్పొస్తుంది."

టేపు సాగిపోయిన మాట నిజమే. అబద్ధం చెప్పినవాణ్ని క్షమించగలను గాని, నా కార్ఖానాలో నిలబడి నిజం చెప్పినవాళ్లను ఎలా క్షమిస్తాను? అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, నర్సమ్మ మీది కోపం టేపు మీద చూపాను. మెడలోంచి లాగి కొలిమిలోకి విసిరాను. భగ్గున అంటుకుని బూడిదైంది.

అయ్యాక గుర్తొచ్చింది, నా దగ్గర ఉన్న టేపు అదొక్కటే అని.

బజారుకు పోయి కొత్తది కొనుక్కురావచ్చు. కాని అంతదూరం పోయి వచ్చేసరికి కోపం చల్లారుతుంది. చల్లారితే ఓడిపోయినట్టే. పైగా పరాయి ఆడమనిషి కాలూ చెయ్యీ నేను కొలవలేను కదా. "ఏమే, గిట్ల రా. నర్సమ్మ కొలత జూడు," అని సత్తెమ్మను కేకేశాను.

సత్తెమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, కరుణమ్మ నడుము నుంచి మడమ దాకా జానలతో కొలిచింది.

"కాలు నాలుగు జానలయ్యా. చెయ్యి మూడు జానలకు జర తక్కువ. గని నా జాన..."

"లెక్క చెప్పమన్న. కథ చెప్పమన్ననా?"

"కథ గాదయ్యా. జాన అంటే..."

"నువ్ లోపలికి పో."

ఆమె మూతి బిగించుకుని లోపలికి పోయింది. కరుణమ్మ కూడా ఏదో అనబోయింది గాని, నా కళ్లు చూసి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. సత్తెమ్మ చెయ్యి విప్పితే తమలపాకంత ఉంటుంది. నాది విస్తరాకంత. మీకు విషయం అర్థమైపోయింది కదూ. నాకు కాలేదు.

ఆ సైకిల్‌ను నేను పట్టుదలతో కట్టాను. నాలుగు జానలూ నా చేత్తోనే కొలిచి పైపులు కోశాను. పై పైపు ఆమె గీసిన దానికన్నా నున్నగా వంచాను. పచ్చరంగు వేశాను. "ఇగ మాట్లాడు నర్సమ్మా," అని దాన్ని చూసి పళ్లు కొరికాను.

అప్పగించడానికి సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు దాని మీదే బయలుదేరాను. ఆహా, ఏమి సైకిలండీ అది. కాలు పెడల్‌కు అందాల్సినంతే అందుతోంది, మోకాలు వంగాల్సినంతే వంగుతోంది. సీటు నాకోసమే పుట్టినట్టుంది. ఇంత ఒడుపైన సైకిల్ నా జన్మలో తొక్కలేదు. నర్సమ్మ అదృష్టవంతురాలు అనుకున్నాను. దారిలో నాట్లేస్తున్న ఆడవాళ్లు ఆడసైకిల్ మీద నన్ను చూసి పగలబడి నవ్వారు. "చారీ, చీరెప్పుడు కడతవ్?" అని ఒకామె అడిగింది. దిగి కొట్లాడదామనుకున్నాను గాని, అంత హాయిగా పోతున్న సైకిల్‌ను ఆపబుద్ధి కాలేదు.

దవాఖాన ముందు జనం మూగారు. కరుణమ్మ బయటికొచ్చి, సైకిల్ చూసి మురిసిపోయింది. స్టాండు వేసి ఉండగానే, అరుగు మీది నుంచి సీటు మీదికి ఎక్కి కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడేసింది. అవి పెడళ్లకు అందలేదు. అందకపోవడం కూడా కాదు, వాటికీ వీటికీ పరిచయమే లేదు. బండి అంచున కూర్చోబెట్టిన పసిపిల్ల కాళ్లలా ఊగుతున్నాయి.

"సీటు కొంచెం దించండి," అంది.

"దించినంత దించిన. ఇంకా దించితే పైపుకు తాకుతది."

"మరి ఇదేంటండీ?"

జనం నా వంకే చూస్తున్నారు. తప్పు నాదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "కొలతలిచ్చిననాటికీ ఇయ్యాల్టికీ నువ్వు కురచైనవ్ నర్సమ్మా," అన్నాను.

దవాఖాన అరుగు మీద రోగులు కూడా రోగం మరిచి నవ్వారు. కరుణమ్మ నవ్వలేదు. "నేనేమైనా ఉతికిన నూలుచీరనా, కురచవడానికి?" అంది. నేను గొంతు పెంచాను. ఆమె నాకన్నా పెంచింది. దవాఖాన అని చూడకుండా ఇద్దరం వాదులాడుకుంటుండగా, జనాన్ని తోసుకుంటూ ఒకతను రొప్పుతూ వచ్చాడు. పేరు ఎల్లయ్య, మాడుగులపల్లి మనిషి.

"అమ్మా, మా ఇంటిదానికి తెల్లారంగనే నొప్పులు మొదలైనయ్. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు. బండి కట్టుకొస్తుంటె నడుమ తొవ్వల ఇరుసు ఇరిగింది. ఉరుక్కుంట వచ్చిన."

కరుణమ్మ మొహం మారిపోయింది. సైకిల్ దిగి, లోపలికి పోయి తన సంచీ తెచ్చుకుని, సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చుంది. "ఎక్కండి," అంది నాతో.

"నేనా?"

"ఇది మీకు సరిపోతుందిగా. సూర్యాపేట నుంచి వచ్చారుగా."

ఎక్కాను. ఆమడ దూరం. ఎండ నెత్తిన, కరుణమ్మ వెనకన. రెండూ మాడ్చేశాయి.

"పోయిన నెల ఒక ఊరికి పోయాను. తల్లి చచ్చిపోయాక చేరాను. ఇంటి ముందు బండి దిగుతుంటే లోపల ఏడుపులు వినబడుతున్నాయి. ఆ రోజే అనుకున్నాను సైకిల్ కావాలని. మీరేమో మీ పౌరుషం కోసం తాటిచెట్టు కట్టి తెచ్చారు."

తల వంచుకుని తొక్కాను.

"అసలు మీ ఆవిడ నాలుగు జానలంది. నాలుగు జానలకు ఇంత ఎత్తు ఎలా వచ్చింది? ఎవరి జానతో కొలిచారు?"

"నా జానతోనే. ఇంకెవరి..."

అక్కడ నా నోరూ కాళ్లూ ఒకేసారి ఆగిపోయాయి. హ్యాండిల్ మీద విస్తరాకుల్లా పరుచుకున్న నా రెండు చేతులూ కళ్లబడ్డాయి. మోకాలు వంగాల్సినంతే వంగడం, సీటు నాకోసమే పుట్టినట్టుండడం, అంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. సత్తెమ్మ జానను నా జానగా మార్చి, నేను నాకే సైకిల్ కట్టుకున్నాను.

"ఆపారేంటి?" అంది కరుణమ్మ.

"ఏం లేదు."

"అయితే తొక్కండి."

ఆ తరువాత దారంతా నేను నన్నే తిట్టుకుంటూ తొక్కాను. అంతవరకు లోకాన్నంతా తిట్టినవాణ్ని, నన్ను నేను తిట్టుకోవడం అదే మొదటిసారి. ఆ కోపంతో సైకిల్ గాలిలా పోయింది.

ఎల్లయ్య ఇంటి బయట కూర్చున్నాను. లోపల నుంచి ఆ తల్లి అరుపులు వినిపిస్తున్నాయి. నా కార్ఖానాలో నేను పెట్టే కేకలు ఎంత చవకవో అప్పుడు తెలిసింది. చాలాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కరుణమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండును.

ఆమె నన్ను సూర్యాపేట పోనివ్వలేదు. "అక్కడికి పోతే మళ్లీ ఎవరి చేత్తో కొలుస్తారో," అని, మిర్యాలగూడలోనే ఒక కమ్మరి కొలిమి కిరాయికి ఇప్పించింది. కొత్త టేపు తనే కొనుక్కొచ్చి, తనే కొలిచి చెప్పింది. ఆమె సైకిల్ తయారయ్యేదాకా, ఏ పల్లె నుంచి పిలుపు వచ్చినా నేను సుత్తి పారేసి, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. చివరికి ఆమె సైకిల్ ఆమెకు అప్పగించి, నా సైకిల్ మీద నేను ఇంటికి చేరాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఒక ముసలాయన మా కార్ఖానా ముందు చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు.

"కాన్పులు జేసే చారి ఇల్లు గిదేనా అయ్యా?"

"ఎవడు జెప్పిండు నీకు?"

"మాడుగులపల్లి ఇచ్చిన మా పిల్ల జెప్పింది. పచ్చ సైకిల్ మీద చారి వస్తె బిడ్డ తప్పకుండ బతుకుతదట. మా కోడలికి నొప్పులొస్తున్నయ్, జర రావాలె."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను సైకిళ్లు జేసే మిస్త్రీని," అని అరిచాను.

ముసలాయన జాలిగా చూశాడు. "అది గూడ జేస్తవా? మంచిదే. ముందుగాల కాన్పు సంగతి జూడు."

లోపల సత్తెమ్మ నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. చేసేదేముంది, మా బజారులో ఉన్న మంత్రసానిని వెనక కూర్చోబెట్టుకుని పోయాను. ఆ బిడ్డా బతికింది. నా మిస్త్రీ పేరు మాత్రం దక్కలేదు.

ఇంటికి రాగానే కొలిమి ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి, సత్తెమ్మ సాక్షిగా గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. "ఇకమీద ఆడమనిషి ఏదైనా చెబుతుంటే, ఆమె మాట చివరిదాకా వినకుండా నేను నోరు తెరిస్తే, ఈ కొలిమి నన్ను కాల్చుగాక."

"గని అయ్యా, నీ చెయ్యి..." అంది సత్తెమ్మ.

"ఒట్టు పెడుతుంటె నడుమ మాట్లాడకు," అన్నాను.

ఆమె చెప్పబోయింది, చాచిన నా చెయ్యి నిప్పుల మీద ఉందని.