పళ్లు రాని వాళ్లకే పాలు

పెదపాడు దాటాక కాలవ గట్టు మీద మా వరద సహాయ క్యాంపు. ఏలూరు నుంచి తాటి దోనెలో వచ్చి దిగేసరికి ఉదయం తొమ్మిది. వాన ఆగలేదు. గట్టుకు అటువైపు ఏది చేనో ఏది కొల్లేరో తెలియదు. నా సామాను రెండు చీరలు, ఒక చెంబు, సేవాదళం వారిచ్చిన ఈల. అమ్మ దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. గడప దాటి డ్యూటీ చేసింది ఆ ఇరవై ఒక్క రోజులే.

క్యాంపుకు పెద్ద, జర్మనీ యుద్ధంలో పనిచేసి వచ్చిన సుబేదారు గారు. ఉన్న పాలపొడికి రోజుకు ఇరవై గ్లాసులే వస్తాయి. మునిగిన లంకల నుంచి వచ్చిన చంటిపిల్లలు యాభైకి పైనే. మళ్లీ డబ్బాల పడవ ఎప్పుడో ఎవరికీ తెలియదు. మొదటి రోజే ఆర్డరు వేశారు.

"పళ్లు రాని వాళ్లకే పాలు. వచ్చిన వాళ్లకు గంజి."

"ఎన్నో నెలో అడిగితే సరిపోదా అండీ?" అన్నాను.

"ఆకలేసిన తల్లికి ఏ బిడ్డయినా మూడో నెలేనమ్మా. వేలు పెట్టి చూడండి."

ఏడింటికి వరస. వేడినీళ్లలో వేలు కడుక్కోవడం, చిగుళ్లు తడమడం, ఉంది, లేదు అని చెప్పడం. పళ్లు రానివాళ్లు సరిగ్గా ఇరవై మంది తేలారు. స్వామి లెక్క సరిపెట్టాడనుకుని దండం పెట్టుకున్నాను.

ఐదో రోజు, చేపలు పట్టే వారి ఇల్లాలు ఒకామె కొత్తగా వచ్చింది. చంకలో జ్వరపడ్డ బిడ్డ. కింది చిగురులో నూకంత పన్ను నా వేలికి తగిలింది. బిడ్డ నోరు కాలిపోతోంది.

"లేదు" అన్నాను.

ఆ రోజు పాలు అందక చివర మిగిలిపోయింది ఒక ముసలమ్మ, తల్లి చనిపోయిన నెలరోజుల మనవరాలితో. ఖాళీ గిన్నెలోకి చూసి, "రేపు ముందొస్తాలే తల్లీ" అని వెళ్లింది. పొద్దుగూకే దాకా ఆ పసిదాని ఏడుపు మా డేరాలోకి వినపడుతూనే ఉంది.

సుబేదారు గారికి నేను చెప్పకుండానే తెలిసింది. కోప్పడలేదు.

"జాలిపడటం తప్పు కాదమ్మా. ఎవరి గ్లాసుతో పడ్డారో చూసుకోండి."

మర్నాడు ఆ ఇల్లాలు మళ్లీ వరసలో నిలబడింది. వేలు పెట్టాను.

"ఉంది."

"నిన్న లేదన్నారు కదండీ."

"ఇవాళ వచ్చింది."

ఏడుస్తుందనుకున్నాను. తిడితే పడదామనుకున్నాను.

"కిందదా, పైదా అండీ?" అంది.

"కిందదే."

"అయితే మా తమ్ముడికి గండం తప్పింది లెండి. పైపన్ను ముందొస్తే మేనమామకు మంచిది కాదంటారు కదండీ." నవ్వి, గంజి వైపు వెళ్లింది.

ఇద్దరు బిడ్డలూ బతికారు. అది స్వామి దయ, నా తెలివి కాదు. నీళ్లు తీశాక తాడేపల్లిగూడెంలో రైలు దిగి ఇంటికొచ్చాను. జనం పాముల గురించి, వరద గురించి అడుగుతారు, చెబుతాను. కళ్లు మూసుకుంటే కనబడేది మాత్రం ఒకటే. వానలో, గంజి వరసలో, ఆమె బిడ్డ పెదవి వేలితో కిందికి లాగి, పక్కనున్న వాళ్లందరికీ ఆ పన్ను చూపిస్తోంది.