అరవై అన్నాను, మిగతాది వినలేదు

2011 జూన్‌లో శంషాబాద్‌లో డ్యూటీకి చేరాను. ఉదయం ఆరు. సన్నటి తుంపర. వీపున ఫౌజు నాటి కిట్ బ్యాగు, చేతిలో పానాల పెట్టె. పద్దెనిమిదేళ్లు ఆర్మీ బండ్లు బాగుచేసి హవల్దారుగా రిటైరైన వాణ్ణి. ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు పక్కన పచ్చికను చూసుకునే కాంట్రాక్టరు మాజీ సైనికులు కావాలన్నాడు. కాపలా, యంత్రాల మరమ్మతు, రెండూ నా పనే.

మేనేజరు తల ఎత్తలేదు. "కొత్త వాచ్‌మన్ వచ్చాడండీ" అని ఫోనులో ఎవరికో చెప్పాడు. ఎదురుగా కుర్చీ ఉంది. కూర్చోమనలేదు. ఆ కుర్చీ రంగు కూడా నాకు గుర్తుంది. ఆకుపచ్చ.

మా పోస్టు ఒక రేకుల షెడ్డు. ముందు రోడ్డు, వెనక రాళ్ల గుట్ట, మధ్యలో కంటికి ఆనినంత మేర పచ్చిక. విమానం దిగినప్పుడల్లా రేకులు అదిరేవి. మాట అక్కడే ఆపి, విమానం పోయాక మళ్లీ అందుకునేవాళ్లం. సామాను: టార్చి, లాఠీ, విజిలు, వాకీటాకీ. గేటు దగ్గర నాలాంటి ఇంకో మాజీ సైనికుడు, ఆర్మీ వైర్‌లెస్ చూసే సిగ్నల్స్‌లో చేసినవాడు. మేనేజరుకు వాకీటాకీలో మాట్లాడటం నేర్పింది ఆయనే. మన మాట ముగించి అవతలివాడి మాట వినాలంటే 'ఓవర్'. మొత్తం ముగిస్తే 'అవుట్'. మేనేజరుకు రెండోది బాగా నచ్చింది.

గడ్డి కోయడానికి ఒక పాత గార్డెన్ ట్రాక్టరు ఉండేది. ఒంటి సిలిండరు, పెట్రోలు ఇంజను. దాని డ్రైవరు యాదగిరన్న. యాభై దాటిన రైతు. ఆయన చేను ఆ రోడ్డు కిందే పోయింది. దానికి బదులు ఈ పని ఇచ్చారు, ఒక షరతు మీద: ఆ బండి నడిచినన్నాళ్లే ఉద్యోగం.

"నా జొన్నచేన్లనే గడ్డి కోస్తున్న ఫౌజీ," అనేవాడు. "అప్పుడు జొన్నకు వాన లేక ఏడ్సిన. ఇప్పుడు ఈ గడ్డికి పైపులేసి తాపుతున్రు. తినెటోడు లేడు, కోసెటోన్ని నేను."

ఆగస్టులో బండి మొరాయించింది. చదునులో నడిచేది. ఎత్తు ఎక్కితే నీలిపొగ కక్కి ఆగిపోయేది. మేనేజరు నన్ను పిలిచాడు. ఈసారీ నిలబడే విన్నాను.

"కంప్రెషన్ చూసి చెప్పండి. బాగయ్యేదైతే చేయిద్దాం. లేదంటే తీసేద్దాం. మీ మాటే ఫైనలండీ."

నమ్మాను. ఫౌజులో ఆర్డరు ఇచ్చినవాడు ఆ మాట మీద నిలబడతాడు.

సిలిండరులో పిస్టను గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో కొలవడమే కంప్రెషన్ పరీక్ష. మర్నాడు ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టాం. ఇంజను నడిపి వేడెక్కించాను. ఆపి ప్లగ్గు ఊడదీశాను. నిప్పురవ్వ ఎగరకుండా ప్లగ్గు వైరును బాడీకి తగిలించాను. ప్లగ్గు రంధ్రంలో మీటరు బిగించాను.

"యాక్సిలరేటర్ పూర్తిగా తెరువన్నా. సెల్ఫ్ కొట్టు. ముల్లు ఆగేదాకా వదలకు."

ముల్లు అరవై దగ్గర ఆగింది. ఆ ఇంజనుకు తొంభై ఉండాలి.

"అరవై అంటే ఏంది ఫౌజీ? పాసా, ఫెయిలా?"

"పదో తరగతికైతే ఫస్టు క్లాసు."

ఆయన నవ్వలేదు. నేను చెంచాడు ఇంజన్ ఆయిల్ రంధ్రంలో పోసి మళ్లీ కొట్టమన్నాను. ఈసారి తొంభై ఐదు. ఆయిల్ పడగానే ముల్లు లేచిందంటే వాల్వులు బాగున్నట్టే. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగాయి. గాలి పోయే సందును ఆయిల్ కాసేపు మూసింది, అంతే. రింగులు మారిస్తే రెండు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. అదే ఆయనకు చెప్పాను.

"మీటర్ మాట నాకెందుకు? జర ఏలు పెట్టి చూస్త," అన్నాడు. మీటరు తీసి, రంధ్రం మీద బొటనవేలు అదిమిపట్టాడు. నేను సెల్ఫ్ కొట్టాను. నల్లటి ఆయిల్ చిమ్మింది. వేలు ఎగిరిపడింది.

"అబ్బ! సచ్చిన ఇంజను గిట్ల తంతదా?" అప్పుడు నవ్వాడు. బొటనవేలి మీద మసితో గుండ్రటి అచ్చు పడింది.

వాకీటాకీ అందుకున్నాను. ఫౌజులో పద్ధతి ఇది: ముందు అంకె. అది అందిందని అవతలివాడు చెప్పాక వివరం. ఇప్పటికీ అదే సరైన పద్ధతి అంటాను.

"రీడింగ్ అరవై. ఓవర్."

"అరవై. సరేనండీ. అవుట్."

"సర్, వివరం ఉంది. రింగులు మారిస్తే నడుస్తుంది. ఓవర్."

మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్పాను. చివరికి గేటు దగ్గరి సిగ్నల్స్ ఆయన గొంతు వచ్చింది. "సెట్టు బంద్ చేసిండన్నా. నాకు అద్దంల కనబడుతున్నడు. ఫోన్ల నవ్వుకుంట మాట్లాడుతున్నడు."

పరుగులాంటి నడకతో ఆఫీసుకు పోయాను.

"తీసేయమని పైకి చెప్పేశానండీ. అరవై అని మీరే అన్నారు కదా," అన్నాడు మేనేజరు.

"నేను చెప్పింది సగమే విన్నారు."

"కావలసింది విన్నాను."

కిటికీలోంచి ఆఫీసు వెనక గోడ కనిపించింది. దాని పక్కన కొత్త గడ్డికోత మెషిను. సీటుకు ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. నేను ప్లగ్గు ఊడదీయక ముందే అది అక్కడ దిగింది. దానితోపాటు డ్రైవరు కూడా వస్తాడట. వాళ్లకు కావలసింది పరీక్ష కాదు, పరీక్ష చేసిన ఒక ఫౌజీ పేరు.

చేతి మసి తుడుచుకోకముందే యాదగిరన్నను పిలిచారు. పని మానుకుంటున్నట్టు కాగితం సిద్ధంగా ఉంది. వేలిముద్ర కోసం మేనేజరు ఇంకు ప్యాడు వెతుకుతున్నాడు.

"ఇంకు దేనికి సార్?" అన్నాడు యాదగిరన్న. "నీ ఇంజనే ఇచ్చింది గద."

నేను విజిలు, లాఠీ, వాకీటాకీ ఆ ఆకుపచ్చ కుర్చీలో పడేసి వచ్చేశాను. కాంట్రాక్టరుకు మూడు ఫిర్యాదులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇంకోటి రాస్తాను.

ఇక్కడ మా ఊరు కందుకూరులో అందరూ ఫౌజు నాటి మంచుకొండల కథలే అడుగుతారు. చెబుతాను. చెబుతుండగా ఎవరైనా నా మాట మధ్యలో లేచిపోతే చాలు, ఆ కాగితమే కళ్ల ముందుకొస్తుంది. తెల్లకాగితం మీద వేలి చుట్టూ నల్లటి వలయం. దాని అంచుల నుంచి ఆయిల్ మెల్లగా పాకుతూ, కింద రాసిన అక్షరాల మీదికి వస్తోంది. తన చేతికి అంటుతుందని మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నాడు. యాదగిరన్న మాత్రం బొటనవేలు ఇంకా తీయలేదు.